నెట్టక్క పెట్టని ఆర్డరు

మొన్న స్టాఫ్‌రూములో మా లెక్కల టీచరు ఫోను నా ముందు పెట్టి, "చత్వారం జోళ్ళు ఆఫర్లో ఉన్నాయండి. నలభై ఆరేళ్ళకి ఎంత పవరు పెట్టమంటారు?" అని అడిగింది. నా నోట్లోంచి ఠక్కున వచ్చిన మాట, "ఏ పనికి?" అని. ఆవిడ తెల్లబోయి, "చూడ్డానికేనండీ" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ రెండు ముక్కలూ నావి కావు. అవి నెట్టక్కవి. ఆవిడ పోయి రెండు నెలలైంది.

ఆవిడ అసలు పేరు ఆధార్ కార్డులో ఉండే ఉంటుంది. యానాంలో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. బస్టాండు నుంచి గోదావరి గట్టుకి వెళ్ళే దారిలో, రెండు మెట్లెక్కితే వచ్చే ఒంటిగది ఆవిడ షాపు. జిరాక్సు, లామినేషను, కరెంటు బిల్లులు, పెన్షను దరఖాస్తులు, ఫోన్లో కొనడం చేతకానివాళ్ళకి ఆన్‌లైన్ ఆర్డర్లు. అంతకుముందు అదే గదిలో జాకెట్లు కుట్టేదట. కుట్టు మిషను పోయి జిరాక్సు మిషను వచ్చింది గాని మెడలో ఇంచి టేపు మాత్రం పోలేదు. నెట్టు సెంటరు అక్క కాబట్టి నెట్టక్క. పెన్షను కాగితాల రోజుల్లో మెట్ల మీద జనం తోసుకుంటుంటే "నెట్టకండెహే!" అని అరిచేది. "నెట్టక్కే నెట్టొద్దంటే ఇంక నెట్టేదెవరే" అని పక్కనున్న చేపలపల్లె దరియాలతిప్ప నుంచి వచ్చిన ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు. ఆ నవ్వుకి ఆవిడా నవ్వేది, కాని క్యూ మాత్రం సరిచేయించేది.

సన్నటి మనిషి. వేళ్ళ చివర ఎప్పుడూ మిషను నలుపు. దవడలో లవంగం. ఎంత రద్దీలోనైనా కాగితాలు ఒకటికి రెండుసార్లు లెక్కబెట్టి ఇచ్చేది. ఊళ్ళో సగం మందిని "ఏమే" అనీ, మిగతా సగాన్ని "ఏరా" అనీ పిలిచేది. టీచర్లకీ, నర్సులకీ, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకీ మాత్రం "అండి", "గారండే". ఆ గీత ఎప్పుడూ దాటేది కాదు.

ఆవిడ దగ్గర అన్నిటికన్నా విచిత్రమైన వ్యవహారం కళ్ళజోడు ఆర్డరు. చీరో మిక్సీయో అయితే చటుక్కున పెట్టేసేది. చత్వారం జోడు అనేసరికి కంప్యూటరు మీంచి చేతులు తీసేసేది.

ఒకసారి నేను ప్రశ్నాపత్రాల జిరాక్సు కోసం కూర్చుని ఉండగా దరియాలతిప్ప నుంచి ఒకావిడ వచ్చి, రెండు పవరు జోడు తెప్పించమంది.

"రెండని ఎవరు సెప్పేరే?"

"మా ఆడపడుచు రెండే ఎట్టుకుంటంది. ఇద్దరిదీ ఒకటే ఈడు."

"ఆడపడుచు కళ్ళతో నీకేం పనే? నువ్వు జోడెట్టుకుని ఏం సేత్తావు?"

"వల బాగుసేత్తాను."

"అయితే రేపు వలట్టుకురా. సేతి పని లేకుండా నేను జోడు పెట్టను."

మర్నాడు ఏమైందో చూడాలన్న కుతూహలంతోనే నేను మళ్ళీ వెళ్ళాను, చేతిలో ఒకే ఒక్క కాగితం పట్టుకుని. ఆవిడ నిజంగానే వల తెచ్చింది. గది మధ్యలో చతికిలబడి, వల కొసని కాలి బొటనవేలికి తగిలించి, ఇంట్లో చేసుకున్నట్టే చేసుకోసాగింది. నెట్టక్క వొంగి, ఇంచి టేపు ఒక కొస ఆవిడ కంటి చివర పెట్టి, రెండో కొస వల మీద చేతుల దాకా లాగింది. "ఇరవై రెండంగుళాలు. పుస్తకం సదివే జోడు తెచ్చుకుంటే నువ్వు వలలో మొకం దూర్చి కుట్టుకోవాలే. నీకు రెండెందుకు? ఒకటింబావు సాలుద్ది" అంది. తర్వాత గోడకి వేలాడుతున్న తాడు తీసింది. దానికి బట్టలారేసినట్టు ఒక అరడజను పాత జోళ్ళు వేలాడుతున్నాయి. అవన్నీ ఎవరెవరో ఆన్‌లైన్లో తప్పుగా కొనుక్కుని, వాపసు గడువు దాటిపోయాక చేసేది లేక ఆవిడ మొహాన పడేసినవి. ఒక్కో పవరుకీ కాడ మీద ఇన్ని చుక్కలని గోళ్ళరంగు పెట్టి ఉంచింది. వలావిడ చేత ఒకటొకటే పెట్టించి, సుఖంగా ఉందన్నదాన్నే ఆర్డరు పెట్టింది.

అప్పటి నుంచి ఆ గదిలో నేను ఎన్ని రకాల పనులు చూశానో. చేటలో బియ్యం తెచ్చి రాళ్ళేరిన మామ్మగారు, జాకెట్టుకి హెమ్మింగు చేసిన ఆవిడ, కీర్తనల పుస్తకం తెచ్చిన చర్చి పాటగత్తె. అందరికీ టేపు పెట్టేది. ఫోన్లో బొమ్మ చూసి ఫ్రేము ఎంచుకునేవాళ్ళని, "ఆ పిల్ల మొకం యేరు, నీ మొకం యేరు. పాత జోడుంటే దాని కాడ లోపల మూడంకెలు రాసుంటాయి, అదే నీ సైజు, అయి సదువు" అని కసిరేది. స్కూలు స్కేలు ముక్కు మీద అడ్డంగా పెట్టి రెండు కనుపాపల మధ్య దూరం కొలిచేది. "వాపసు" అన్న చోట సన్న అక్షరాల్లో ఉన్నదంతా పైకి చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి, అర్థమైందని వాళ్ళు తలూపితే ఏమర్థమైందో చెప్పమనేది. మెట్లు దిగుతూ జోడు పెట్టుకునే ఉన్నవాళ్ళని వెనక్కి పిలిచి, "అది సేతిపనికిచ్చింది, కాలిపనికి కాదు. తియ్యి" అనేది.

నేను ఇదంతా వినోదంగా చూశాను. మనలో మాట, చిన్నచూపు కూడా ఉంది. నేను తెలుగు టీచర్ని. చత్వారింశత్ అంటే నలభై అనీ, నలభై దాటాక వస్తుంది కాబట్టి చత్వారం అనీ పిల్లలకి చెప్పగలను. మాట పుట్టుక తెలిస్తే జబ్బు తెలిసిపోయినట్టే అనుకునే రకాన్ని. నా జోడు నేనే ఫోన్లో కొనుక్కున్నాను. ఆ సైటు వయసు అడిగింది, తారీకు కొట్టాను, ఒకటిన్నర అంది, కొన్నాను. కొంతకాలం బాగానే ఉంది. తర్వాత పేపర్లు దిద్దుతుంటే వరస తప్పిపోవడం మొదలైంది. పిల్లలు రాసిన వాక్యం సగంలో మాయమై, కింది వాక్యంలో తేలేదాన్ని. పవరు పెరిగిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం జిరాక్సు తీసుకుని సరిచూసుకుంటుంటే నెట్టక్క నన్నే చూస్తోంది.

"టీచరుగారండే, ఆ జోడు ఆర్డరు పెట్టేటప్పుడు ఆళ్ళు వయసు అడిగేరా?"

"అడిగారు."

"ఏ వయసేసేరండి? కన్న వయసా, రాయించిన వయసా?"

నాకు నవ్వాగలేదు. నాకు రెండు పుట్టినరోజులున్న మాట నిజమే. మాది యానాం పొలిమేర దాటాక వచ్చే ఊరు. మా అమ్మ కన్న రోజు ఒకటి, బళ్ళో వేసిన నాడు మేష్టారూ మా నాన్నా కలిసి నిర్ణయించిన రోజు ఒకటి. రెంటికీ రెండేళ్ళు తేడా. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ రెండోది కొట్టడమే చేతికి అలవాటు.

"మీ వైపోళ్ళందరికీ ఇదేనండి తంటా. మా యానామోళ్ళకి ప్రెంచోళ్ళ నాటి నుంచీ పుట్టిన తారీకు పుట్టినట్టే రాయించాలి. అయినా వయసుతో ఏం పనండీ, పని బట్టి కదా. ఏదీ, ఆ పేపర్లు దిద్దండి" అని నన్నూ కూర్చోబెట్టేసింది.

తాడు మీది జోళ్ళన్నీ పెట్టి చూశాను. అన్నిటితోనూ అక్షరం కనిపిస్తోంది, అన్నిటితోనూ వరస తప్పుతోంది. రెండున్నర తెప్పించమన్నాను. ఆవిడ లవంగం నమలడం ఆపింది. "అచ్చరం కనపడతంటే పవరెందుకండి? ఒక్కో కన్నూ మూసి సూడండి. కళ్ళు రెండూ అప్పసెల్లెళ్ళేనండి, కాపరాలు యేరు. ఒకదానింట్లో ఇబ్బందొత్తే రెండోది సెప్పకుండా సద్దేత్తా ఉంటది" అని, నల్లకాగితం పెట్టి లామినేషన్ చేసుకున్న ముక్క ఒకటి చేతికిచ్చింది. అది అందరికీ ఇచ్చేదే.

ఎడమ కన్ను మూసుకుని గోడ మీది క్యాలెండరు చూశాను. తేదీలు, తిథులు, అన్నీ ఉన్నాయి. కుడి కన్ను మూసుకున్నాను.

"పన్నెండో తారీకు సూడండి. కనపడతందా?"

"ఆఁ."

"సూపు తిప్పకుండా సెప్పండి. పక్కన పదకొండు?"

పదకొండు లేదు. పదమూడూ లేదు. పైవారం లేదు, కింది వారం లేదు. నెల మొత్తంలో పన్నెండొక్కటే ఉంది, దాని చుట్టూ బూడిదరంగు. నెట్టక్క పెన్ను తీసుకుని క్యాలెండరు అంచు నుంచి మధ్యకి జరుపుతూ, కనపడినప్పుడు చెప్పమంది. పన్నెండు మీదకి వచ్చేదాకా నాకు పెన్ను కనపడలేదు. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి చేసింది. తర్వాత కంప్యూటరు కట్టేసింది.

"మీకు జోడు ఆర్డరు పెట్టనండి. కాకినాడ కంటాసుపత్రికి ఎల్లండి. రేపే ఎల్లండి."

నాకు భయం వేయాలి. కోపం వచ్చింది. షాపులో మా బడి పిల్ల తల్లి ఒకామె ఉంది, ఆమె ముందు జిరాక్సు తీసే మనిషి నాకు వైద్యం చెబుతోందన్నదే నా మనసులో పడింది. "అలాగే చూద్దాంలెండి" అని కాగితాలు తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే ఫోన్లో రెండున్నర జోడు ఆర్డరు పెట్టాను. కాకినాడ మన యానాంకి గంట ప్రయాణం కూడా కాదు. ఆ గంట నాకు దొరకలేదు.

ఓ పదిరోజుల తర్వాత మళ్ళీ జిరాక్సు పని పడింది. మెట్లెక్కుతుండగానే అడిగింది, "ఎల్లొచ్చేరాండి?"

"ఇవాళ పొద్దున్నే వెళ్ళొచ్చాను. ఏమీ లేదన్నారు. వయసేనన్నారు."

"పోనీలెండి" అంది. నా కాగితాలు తీసుకుని మిషనులో పెట్టింది. ఇచ్చిన కాపీలో ఒకచోట సున్న సరిగ్గా పడలేదని నేను చూపిస్తే, మారు మాట్లాడకుండా మళ్ళీ తీసింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. నమ్మిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు ఆ షాపు మెట్లు దిగి రోడ్డు మీద కాలు పెట్టానో లేదో, ఎడమవైపు నుంచి వచ్చిన చేపల మోపెడ్ నన్ను రాసుకుంటూ పోయింది. అతను హారన్ కొడుతూనే ఉన్నాడట, నేను తిన్నగా దానికి అడ్డంగా నడిచానట. దెబ్బ తగల్లేదు, పేపర్లు మాత్రం రోడ్డంతా ఎగిరాయి. నెట్టక్క వచ్చి ఒక్కొక్కటీ ఏరింది. దుమ్ము దులిపి, నెంబర్ల వరస పెట్టి, నా చేతికిచ్చింది. నా కళ్ళలోకి చూసి, మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

బడికి వెళ్ళాను. ఎనిమిదో తరగతి. పిల్లల్ని పాఠం చదువుకోమని, ఏదో ఆలోచిస్తున్నట్టు కుడి కన్ను మీద అరచెయ్యి పెట్టుకున్నాను. మూడో బెంచీలో ఒక పిల్ల మొహం ఉంది. తరగతి లేదు. నలభై గొంతులు వినిపిస్తున్నాయి, మనుషులు లేరు. ఆ రోజు మొదటిసారి భయపడ్డాను.

మర్నాడు మొదటి బస్సుకి కాకినాడ వెళ్ళాను. చిన్న వయసు డాక్టరు. అన్ని పరీక్షలూ చేసి, నీటికాసులు, అదే గ్లకోమా అంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతూ వస్తుందట, నొప్పీ ఉండదట, ఎర్రబడదట. ఎడమ కంట్లో పోయిన చూపు తిరిగి రాదంది. కుడి కంట్లో కూడా ఇప్పుడిప్పుడే మొదలైందనీ, రోజూ రెండు పూటలా చుక్కలు వేసుకుంటే దాన్ని కాపాడవచ్చనీ చెప్పింది. "రెడీమేడ్ జోళ్ళతో నెట్టుకొచ్చారా?" అని అడిగింది. అవునన్నాను. నాలుగు నెలలు ముందు వచ్చుంటే ఎడమ కంట్లో ఎంత మిగిలేదని నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

బస్సు దిగి తిన్నగా నెట్టక్క దగ్గరికే వెళ్ళాను. కళ్ళలో వేసిన మందుకి వెలుతురు సూదుల్లా గుచ్చుకుంటోంది, పైట చెంగు నుదుటి మీదకి లాక్కున్నాను. షాపులో ఎవరూ లేరు.

"నెట్టక్కా, అప్పుడు నేను కాకినాడ వెళ్ళలేదు."

"తెలుసండి."

"ఎలా తెలుసు?"

"కంటాసుపత్రికి ఎల్లొచ్చినోళ్ళు ఆ పూటంతా ఇదిగో ఇలాగే ఉంటారండి, సెంగు కప్పుకుని. కంటిపాప పెద్దదవ్వడానికి మందేత్తారు కదా, దగ్గరున్న అచ్చరం అసలానదు. మీరు పొద్దున్నే ఎల్లొచ్చేనన్నారు. మజ్జానం ఎండలో నడిచొచ్చి, నాకు సున్న పడలేదని సూపించేరు."

"మరి అప్పుడే అడగలేదేం?"

కుర్చీ నా వైపు జరిపింది. నేను కూర్చునేదాకా ఆగి అంది, "టీచరుగారు అబద్ధమాడేరని ఎలా అంటామండి? ఊరుకున్నాను."

ఆవిడ టేపు మెడలోంచి తీసి వేలికి చుడుతోంది, విప్పుతోంది. "ఇంకోత్తయితే రెక్కుచ్చుకుని బస్సెక్కించేద్దును. కాదంటే తిట్టేద్దును. మీరు కాబట్టి ఊరుకున్నానండి. తప్పు సేసేను" అంది. ఆవిడ కంట్లో నీళ్ళు తిరిగాయి. తప్పు నాది, ఏడుపు ఆవిడది.

గౌరవార్థంలో ఒక్కరికైనా బహువచనమే వాడాలని ఏటేటా పాఠం చెబుతాను. ఆ బహువచనం నాకెంత ఇష్టమో నాకు తెలుసు. వలావిడకి ఎవరూ ఇవ్వని గౌరవం నాకు ఇచ్చారు, వలావిడకి దక్కిన తిట్టు నాకు దక్కలేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను. "నన్నూ ఏమే అని ఉండాల్సింది" అన్నాను.

అన్నందుకు వారం తిరక్కుండా ఫలితం దక్కింది. పదోతరగతి పిల్లలు నలుగురు జిరాక్సుకి నిలబడి ఉండగా నేను మెట్లెక్కాను. పిల్లల తలల మీదుగా అరిచింది, "ఏమే, సుక్కలేసుకున్నావా?" పిల్లలు నోళ్ళు తెరిచారు. నాకు చెవులు వేడెక్కాయి. "వేసుకున్నాను" అన్నాను, హోంవర్కు చేసిన పిల్లలా. ఆ తర్వాత రెండున్నరేళ్ళు, కనపడిన ప్రతిసారీ అదే పలకరింపు. మార్కెట్లో చేపల బేరం మధ్యలో అడిగింది. ఒకసారి మా హెడ్‌మాస్టరుగారు పక్కనుండగా అడిగింది, అడిగి ఆయనకి వినయంగా నమస్కారం పెట్టింది. మా ఇంట్లోవాళ్ళు తప్ప యానాంలో నన్ను నువ్వు అనే మనిషి ఆవిడొక్కర్తే. నా ఎడమవైపు నడిచేది, అటునుంచి బండి వస్తే మోచేత్తో పొడిచేది. కుడి కన్ను ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఒకరోజు పొద్దున్న షాపు షట్టరు ఎత్తబోతూ అక్కడే కూలబడిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. కబురు నాకు బడికి బయల్దేరుతుండగా తెలిసింది. అలాగే వెళ్ళాను. అగ్రహారం సందులో ఇల్లు. అంతకుముందు నేనెప్పుడూ ఆ ఇంటికి వెళ్ళలేదు. వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. దరియాలతిప్ప ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని శోకాలు పెడుతున్నారు. నన్ను చూడగానే లేచారు. "టీచరుగారొచ్చేరు, జరగండే, టీచరుగారికి దారియ్యండి" అన్నారు. అందరూ నేల మీదుంటే నాకొక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. నేను కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చూశాను. మొహం ప్రశాంతంగా ఉంది, వేళ్ళ చివర నలుపు పోలేదు.

అక్కడ నిలబడి ఉండగా గుర్తొచ్చింది, కంగారులో పొద్దుటి చుక్కలు వేసుకోకుండా వచ్చేశానని. రెండున్నరేళ్ళలో అదే మొదటిసారి. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక సీసా ఉంటుంది. పక్కకి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, తల వెనక్కి వంచి వేసుకున్నాను. గురి తప్పి మందు చెంపల మీదకి కారింది. కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాను. ఎడమవైపు నుంచి ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వేశారు.

"ఊరుకోండి టీచరుగారండే, ఊరుకోండి" అంది ఒక ఆడగొంతు, ఎంతో మర్యాదగా.

నిజానికి అప్పటిదాకా నేను ఏడవలేదు. అవి చుక్కలు. ఆ మాట విన్నాక ఏడుపొచ్చింది.